హయాత్ బక్షీ బేగం

హయాత్ బక్షీ బేగం (మరణం: 1667) గోల్కొండ రాజ్యాన్ని ఏలిన కుతుబ్ షాహీ వంశమునకు చెందిన రాణి. ఈమె అయిదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షాకు ఏకైక సంతానం, ఆరవ సుల్తాను మహమ్మద్ కుతుబ్ షాకు భార్య, ఏడవ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి. 1626లో భర్త మరణించిన తరువాత, పన్నెండవ ఏట సింహాసనమెక్కిన కుమారుని పక్షాన రాజ్యభారాన్ని వహించింది. 1656లో మొగలు సైన్యం గోల్కొండ కోటను ముట్టడించినపుడు స్వయంగా శత్రు శిబిరానికి వెళ్ళి ఔరంగజేబుతో సంధి మాట్లాడింది. ప్రజలు ఈమెను గౌరవంగా "మా సాహెబా" అని పిలిచేవారు. హైదరాబాదులోని హయత్‌నగర్, మాసాబ్ ట్యాంక్ ప్రాంతాల పేర్లు ఈమె పేరు మీదుగా వచ్చినవే. "హయాత్ బక్ష్" అనగా పారశీక భాషలో "ప్రాణమిచ్చునది" అని అర్థం.

పుట్టుక, తల్లిదండ్రులు

హయాత్ బక్షీ బేగం తండ్రి మహమ్మద్ కులీ కుతుబ్ షా (పాలనా కాలం 1580–1612) హైదరాబాదు నగర నిర్మాత. 1591లో మూసీ నది దక్షిణపు ఒడ్డున చార్మినారు కేంద్రముగా కొత్త నగరానికి రూపకల్పన చేశాడు. దక్కనీ ఉర్దూలో విస్తారంగా కవిత్వం వ్రాసిన కవి కూడ. ఆయనకు కుమారులు లేరు. ఈ ఒక్క విషయమే హయాత్ బక్షీ బేగం జీవితాన్ని ఆద్యంతం ప్రభావితం చేసింది. కుతుబ్ షాహీ వంశంలో స్త్రీకి సింహాసనాన్ని అధిష్ఠించే ఆచారం లేదు. కాబట్టి సుల్తాను కుమార్తెను ఎవరు వివాహమాడితే వారికి వారసత్వంపై బలమైన హక్కు ఏర్పడుతుంది. కాకతీయ గణపతిదేవుడు మగ సంతతి లేనపుడు కుమార్తె రుద్రమదేవినే సింహాసనంపై కూర్చుండబెట్టాడు. గోల్కొండలో మాత్రం అధికారం కుమార్తె ద్వారా అల్లునికి, అతని నుండి మనుమనికి సంక్రమించింది.

ఈమె తల్లి ఎవరనే విషయంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. సుల్తాను ప్రేమించి పెళ్ళాడినట్లు ప్రసిద్ధికెక్కిన భాగమతియే ఈమె తల్లి అని జనశ్రుతి. అయితే భాగమతి అనే వ్యక్తి చారిత్రకంగా ఉన్నదా లేదా అన్నదే వివాదాస్పదం. కుతుబ్ షాహీ చరిత్రను విపులంగా వ్రాసిన హరూన్ ఖాన్ షేర్వానీ భాగమతి కథను అంగీకరించలేదు.

వివాహం

1603లో ఇరాన్ చక్రవర్తి షా అబ్బాస్ పంపిన రాయబారి గోల్కొండకు వచ్చి కొన్ని సంవత్సరాలు ఇక్కడనే ఉన్నాడు. సుల్తాను కుమార్తెను ఇరాన్ రాజకుమారునికిచ్చి వివాహం చేయవలెనన్న ప్రస్తావన ఈ రాయబారం వెనుక ఉన్నదని చరిత్రకారులు వ్రాశారు. కుతుబ్ షాహీలు షియా మతస్థులు. ఇరాన్ సఫావీ చక్రవర్తులను తమకు పెద్దదిక్కుగా భావించేవారు. అయినను ఏకైక కుమార్తెను దూరదేశానికి పంపినచో రాజ్యానికి వారసుడు మిగలడు. కనుక మహమ్మద్ కులీ 1607లో ఆమెను తన తమ్ముడు మహమ్మద్ అమీన్ కుమారుడైన సుల్తాన్ మహమ్మద్‌కు ఇచ్చి వివాహం చేశాడు. వరుడు 1593లో జన్మించినవాడు. అంటే వివాహ సమయానికి పద్నాలుగేళ్ళవాడు.

1612లో మహమ్మద్ కులీ మరణించగా అల్లుడు మహమ్మద్ కుతుబ్ షా సుల్తాను అయ్యాడు. ఈ అధికార మార్పిడి సజావుగా జరగడంలో పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ పాత్ర ముఖ్యమైనది. కొత్త సుల్తాను దైవభక్తుడు, విద్యాప్రియుడు. మామగారి కవితలన్నిటినీ సేకరించి సంకలనం చేయించాడు. 1617లో మక్కా మసీదుకు శంకుస్థాపన చేశాడు. ఆ నిర్మాణం ఆయన జీవితకాలంలో పూర్తికాలేదు. కుతుబ్ షాహీ వంశం అంతరించిన తరువాత, ఔరంగజేబు కాలంలో పూర్తయింది.

సంతానం

హయాత్ బక్షీ బేగం కుమారుడు అబ్దుల్లా 1614లో జన్మించాడు. పన్నెండేళ్ళు నిండువరకు కుమారుని ముఖం చూడరాదని జ్యోతిష్కులు తండ్రికి చెప్పినట్లు, అందువలన బాలుడు తండ్రికి దూరంగా పెరిగినట్లు ఒక కథనం ఉన్నది.

కుమార్తె ఖదీజా సుల్తానా 1633లో బీజాపూరు సుల్తాను మహమ్మద్ ఆదిల్ షాను వివాహమాడింది. అక్కడ ఆమె "బడీ సాహిబా"గా ప్రసిద్ధురాలు. దక్కనీ కవి రుస్తుమీ తన ఖావర్ నామా కావ్యాన్ని 1649లో ఆమె కోరికపై రచించాడు. 1656లో భర్త మరణించిన పిమ్మట, యువకుడైన అలీ ఆదిల్ షా పక్షాన బీజాపూరు రాజ్య వ్యవహారాలను ఆమెయే నడిపింది. 1659లో శివాజీపైకి అఫ్జల్ ఖాన్‌ను పంపినది ఈమె అధికారంలో ఉన్న కాలంలోనే. 1661లో డచ్చివారి ఓడలో మక్కా యాత్రకు బయలుదేరింది. ఈ విధంగా దక్కనులోని రెండు రాజ్యాలను ఒకే శతాబ్దంలో తల్లి, కుమార్తె తమ సుల్తానుల తరఫున నడిపించారు.

రాజప్రతినిధిగా

మహమ్మద్ కుతుబ్ షా 1626లో, ముప్పై మూడవ ఏట మరణించాడు. అబ్దుల్లాకు అప్పటికి పదకొండేళ్ళు నిండి కొద్ది నెలలే అయింది. నమ్మకస్థుడైన మంత్రి మీర్ మోమిన్ అంతకు ముందే కన్నుమూశాడు.

బాలుడు రాజైనపుడు ఎదురయ్యే ప్రమాదం గోల్కొండకు కొత్త కాదు. 1550లో జంషీద్ కుతుబ్ షా చనిపోగా అతని పసి కుమారుడు సుభాన్‌ను సింహాసనంపై కూర్చుండబెట్టారు. కొద్ది నెలలలోనే ఆ బాలుని తొలగించి, విజయనగరంలో ఆశ్రయం పొందుతున్న పినతండ్రి ఇబ్రహీం రాజ్యానికి వచ్చాడు. ఆ ఇబ్రహీం కుతుబ్ షా హయాత్ బక్షీ బేగంకు తాతగారే. పొరుగు రాజ్యమైన అహమ్మదునగరంలో బాలరాజు పక్షాన మొగలులతో పోరాడిన చాంద్ బీబీని 1600లో ఆమె సొంత మనుషులే చంపివేశారు. ఈ ఉదాహరణలను బట్టి 1626లో తల్లీకుమారుల పరిస్థితి ఎంత సున్నితమైనదో గ్రహించవచ్చు.

అబ్దుల్లా విషయంలో అటువంటిదేమీ జరగలేదు. ఆయన నలభై ఆరేళ్ళు (1626–1672) రాజ్యం చేశాడు. తొలి సంవత్సరాలలో అధికారం తల్లి చేతిలోనే ఉన్నది. ఆ కాలపు గోల్కొండ పాలనలో పేష్వా ప్రధానమంత్రి, మీర్ జుమ్లా ఆర్థికమంత్రి, దబీర్ ఉత్తర ప్రత్యుత్తరాలు చూచే కార్యదర్శి. ఈ పదవుల కోసం ఇరాన్ నుండి వచ్చిన అమీరులు, స్థానిక దక్కనీలు పోటీ పడుతుండేవారు. ఉత్తరువులన్నీ సుల్తాను పేరిటనే వెలువడినా, ఈ వర్గాల మధ్య సమతూకం తప్పకుండ చూడడం రాజమాతకు ముఖ్యమైన పని అయింది. సుల్తాను పెద్దవాడైన తరువాత కూడ కష్టకాలంలో ఆమె సలహాయే నిర్ణాయకంగా ఉండేదని 1656 నాటి సంఘటనలు తెలుపుతున్నవి.

ఆనాటి రాజ్య పరిస్థితులు

గోల్కొండ ఆ కాలంలో సంపన్న రాజ్యం. కృష్ణా తీరంలోని వజ్రపు గనులు, తెలుగు నేతగాండ్రు నేసిన వస్త్రాలు, మచిలీపట్నం రేవు ఈ సంపదకు మూలాలు. డచ్చివారు, ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు ఏర్పరచుకొన్నారు. 1630లలో అబ్దుల్లా కుతుబ్ షా ఆంగ్లేయులకు ఇచ్చిన ఫర్మానా "స్వర్ణ ఫర్మానా"గా పేరుపొందింది. దీని ప్రకారం ఏటా 500 వరహాల సుంకం చెల్లించి రాజ్యంలోని రేవులలో వారు వ్యాపారం చేసుకొనవచ్చును. ఈ కాలపు రాజపత్రాలు అనేకం పారశీకంలోను, తెలుగులోను కలిపి వ్రాయబడినవి. దక్కనీ గద్యంలో ముఖ్యమైన సబ్ రస్ గ్రంథాన్ని 1635లో వజ్హీ ఈ ఆస్థానంలోనే రచించాడు.

అదే కాలంలో రెండు కష్టాలు వచ్చిపడ్డాయి. 1630–32 మధ్య దక్కనును, కోస్తాను భయంకరమైన కరువు పీడించింది. ఇక 1628లో ఢిల్లీ సింహాసనమెక్కిన షాజహాను దక్షిణాదిపై దృష్టి సారించాడు. 1636లో అబ్దుల్లా మొగలు ఆధిపత్యాన్ని అంగీకరిస్తూ "ఇన్‌కియాద్ నామా" (విధేయతా పత్రం) వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం చెల్లించడానికి, మసీదులలో చదివే ఖుత్బాలో ఇరాన్ షా పేరుకు బదులు షాజహాను పేరు చేర్చడానికి గోల్కొండ ఒప్పుకొన్నది.

1656 ముట్టడి – కారణాలు

ఇరువది ఏండ్ల తరువాత ఈ కప్పమే తగవుకు ఒక కారణమైంది. 1636లో ఒక హొన్ను విలువ నాలుగు రూపాయలు. కావున రెండు లక్షల హొన్నులంటే ఎనిమిది లక్షల రూపాయలు. గోల్కొండ ఏటా ఈ లెక్కన చెల్లిస్తూ వచ్చింది. కాలక్రమేణ హొన్ను విలువ నాలుగున్నర, ఆపైన అయిదు రూపాయలకు పెరిగింది. అయిదు రూపాయల లెక్కన కప్పం పది లక్షలవుతుంది. దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు గడచిన సంవత్సరాలన్నిటికీ ఈ తేడా కట్టవలెనని, అది ఇరవై లక్షల రూపాయలైనదని పట్టుపట్టాడు.

రెండవ కారణం మీర్ జుమ్లాగా చరిత్రలో ప్రసిద్ధుడైన మీర్ మహమ్మద్ సయీద్. ఇరాన్ నుండి వచ్చి వజ్రాల వ్యాపారంతో ధనవంతుడై, గోల్కొండ మంత్రి అయ్యాడు. గండికోటతో సహా కర్ణాటక ప్రాంతాన్ని జయించి, సొంత సైన్యంతో దాదాపు స్వతంత్ర రాజువలె వ్యవహరించసాగాడు. సుల్తాను అనుమానించగా, మీర్ జుమ్లా రహస్యంగా మొగలుల ఆశ్రయం కోరాడు. 1655 నవంబరులో అతని కుమారుడు మహమ్మద్ అమీన్ దర్బారులో అనుచితంగా ప్రవర్తించినందుకు సుల్తాను ఆతనిని, కుటుంబాన్ని బంధించాడు. ఔరంగజేబుకు కావలసిన సాకు దొరికింది.

1656 జనవరిలో ఔరంగజేబు పెద్ద కుమారుడు మహమ్మద్ సుల్తాన్ సైన్యంతో హైదరాబాదుపైకి వచ్చాడు. అబ్దుల్లా నగరాన్ని విడిచి గోల్కొండ కోటలోనికి వెళ్ళిపోయాడు. మొగలు సైనికులు నగరాన్ని దోచుకొన్నారు. ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు.

శత్రు శిబిరంలో రాజమాత

కోటను చేజిక్కించుకొని రాజ్యాన్ని మొగలు సామ్రాజ్యంలో కలుపుకొనవలెననేది ఔరంగజేబు అభిమతం. ఈ తరుణంలో గోల్కొండ రెండు మార్గాల ప్రయత్నించింది. ఢిల్లీలో దారా షికో ద్వారా షాజహానుకు విన్నపాలు పంపింది. ఇక్కడ ఔరంగజేబును ఒప్పించే బాధ్యతను రాజమాత స్వీకరించింది.

అప్పటికి ఆమె అరువది ఏండ్లు దాటిన వృద్ధురాలు. సుల్తాను స్వయంగా వెళ్ళినచో బందీ అయ్యే ప్రమాదం ఉన్నది. మంత్రులను పంపినచో వారి మాటకు విలువ తక్కువ. మీర్ జుమ్లా ఉదంతం తరువాత మంత్రులపై నమ్మకము కూడ సడలింది. రాజమాతకు హాని తలపెట్టడం ఏ రాజుకైనా అపకీర్తి. కావున అనుమతి తీసుకొని ఆమె కోట దాటి మొగలు శిబిరానికి వెళ్ళింది. అక్కడ ఆమెను మర్యాదతో స్వీకరించారు. కుమారుని ప్రాణాన్ని, రాజ్యాన్ని కాపాడవలసినదిగా ఆమె ఔరంగజేబును కోరింది. కుదిరిన షరతులు ఇవి:

యుద్ధ నష్టపరిహారంగాను, కప్పం బకాయిగాను ఒక కోటి రూపాయలు చెల్లించాలి.
అబ్దుల్లా రెండవ కుమార్తెను ఔరంగజేబు కుమారుడు మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి వివాహం చేయాలి.
రామగిరి ప్రాంతాన్ని మొగలులకు అప్పగించాలి.

ఇంతలో ముట్టడిని విరమించవలెనని షాజహాను నుండి ఆజ్ఞలు వచ్చాయి. 1656 మార్చి 30న ముట్టడి ఎత్తివేయబడింది. ఏప్రిల్ నెలలో వివాహం జరిపించి రాకుమార్తెను మొగలు శిబిరానికి పంపారు. అబ్దుల్లా తరువాత రాజ్యం ఈ అల్లునికే చెందవలెనని రహస్య ఒప్పందం కూడ జరిగినట్లు చరిత్రకారులు పేర్కొన్నారు.

ఈ సంధికి గోల్కొండ పెద్ద మూల్యమే చెల్లించింది. మీర్ జుమ్లా తన సంపదతో మొగలు కొలువులో చేరిపోయాడు. అతడు జయించిన కర్ణాటక ప్రాంతం కూడ సుల్తాను చేతికి దక్కలేదు. మనుమరాలి భవిష్యత్తు సంధి షరతులలో ఒకటిగా మారింది. అయినప్పటికీ రాజ్యం నిలిచింది. ఆ తరువాత మరి ముప్పై ఒక్క ఏండ్ల పాటు, అనగా 1687 వరకు గోల్కొండ కుతుబ్ షాహీల చేతిలోనే ఉన్నది.

ఉత్తర తెలంగాణతో సంబంధం

నేటి కరీంనగర్, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, పెద్దపల్లి జిల్లాల ప్రాంతం ఆనాడు గోల్కొండ రాజ్యపు ఉత్తర భాగం. కరీంనగర్ సమీపంలోని ఎలగందుల కోట ఇక్కడి ముఖ్యమైన స్థావరం. 1656 సంధిలో వదులుకొన్న రామగిరి కోట ప్రస్తుత పెద్దపల్లి జిల్లాలో, పెద్దపల్లి నుండి మంథని పోవు దారికి చేరువలో కొండపై ఉన్నది. గోదావరి తీరానికి దగ్గరగా ఉన్న ఈ దుర్గం ఉత్తరం నుండి వచ్చే సైన్యాలకు అడ్డుగా నిలువగలిగినది. దానిని అప్పగించడమంటే రాజ్యపు ఉత్తర ద్వారాన్ని మొగలులకు తెరచి ఇచ్చినట్లే. హైదరాబాదును కాపాడుకొనుటకై చేసిన ఒడంబడికలో నష్టపోయినది ఈ ప్రాంతమే. జగిత్యాలలోని నక్షత్రాకారపు కోట మాత్రం కుతుబ్ షాహీల నాటిది కాదు. అది 18వ శతాబ్దపు నిర్మాణం.

మనుమరాండ్రు, వారసత్వం

తండ్రికివలెనే హయాత్ బక్షీ బేగం కుమారునికి కూడ పుత్ర సంతానం లేదు. అబ్దుల్లాకు ముగ్గురు కుమార్తెలు. అందుచేత వారసత్వం మరల అల్లుండ్ర మీదికే వచ్చింది.

పెద్ద కుమార్తెను మక్కా నుండి వచ్చిన పండిత వంశీయుడు నిజాముద్దీన్ అహమ్మద్ వివాహమాడాడు. రెండవ అల్లుడు మహమ్మద్ సుల్తాన్ 1659లో మొగలు వారసత్వ యుద్ధంలో తండ్రిని విడిచి పెదతండ్రి షుజాతో చేరాడు. ఔరంగజేబు అతనిని చెరసాలలో పెట్టించాడు. దానితో గోల్కొండ అతనికి దక్కే అవకాశం తొలగిపోయింది. మూడవ కుమార్తె భర్త అబుల్ హసన్. 1672లో అబ్దుల్లా మరణించినపుడు పెద్ద అల్లునికి, చిన్న అల్లునికి మధ్య పోటీ ఏర్పడగా అమీరుల మద్దతుతో అబుల్ హసన్ సుల్తాను అయ్యాడు. తానీషాగా ప్రసిద్ధుడైన ఈయన కొలువులోనే అక్కన్న, మాదన్న సోదరులు మంత్రులుగా పనిచేశారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు గోల్కొండను వశపరచుకొని తానీషాను దౌలతాబాదు కోటలో బంధించాడు.

లంగరు కథ

హైదరాబాదులో తరతరాలుగా చెప్పుకొనే ఒక కథ ఈ తల్లీకుమారులకు సంబంధించినది. బాలుడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదించి అడవిలోకి పారిపోయిందట. రాకుమారుడు క్షేమంగా తిరిగివచ్చినచో ఏనుగు గొలుసంత బరువుగల బంగారు గొలుసును (లంగరు) హుస్సేనీ అలంకు సమర్పించుకొందునని తల్లి మొక్కుకొన్నది. బిడ్డ తిరిగి వచ్చిన పిమ్మట ఆ మొక్కును ఊరేగింపుగా వెళ్ళి తీర్చినదట. మొహర్రం నెలలో జరిగే లంగరు ఊరేగింపునకు ఇదే మూలమని చెబుతారు. అసఫ్ జాహీల కాలంలో ఈ ఊరేగింపు సైనిక కవాతుగా రూపాంతరం చెందింది. ఇది జనశ్రుతియే అయినా, రాజ్యానికి ఒక్కగానొక్క వారసుడైన బిడ్డ కొరకు తల్లి పడిన ఆరాటం ప్రజల జ్ఞాపకంలో ఎలా నిలిచిందో దీని వలన తెలుస్తుంది.

నిర్మాణాలు, స్మారకాలు

హయత్‌నగర్: హైదరాబాదుకు తూర్పున, విజయవాడ పోవు రహదారిపై ఉన్న ఈ ఊరు రాణి పేరున వెలసింది. ఇక్కడి హయాత్ బక్షీ మసీదు ఎత్తైన వేదికపై అయిదు కమానులతో నిర్మించబడింది. చుట్టూ బాటసారుల కొరకు గదులతో కూడిన సరాయి ఉన్నది. సమీపంలోని పెద్ద దిగుడు బావిని "హాథీ బావి" అంటారు. మచిలీపట్నం రేవుకు పోవు దారిలో వర్తకులకు ఈ సరాయి మొదటి మజిలీగా ఉపకరించేది.

మాసాబ్ ట్యాంక్: "మా సాహెబా తాలాబ్" (రాజమాత చెరువు) అనే పేరు కాలక్రమంలో వ్యవహారంలో ఇలా మారింది. చెరువు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో చాచా నెహ్రూ పార్కు ఉన్నది.

సమాధి: హయాత్ బక్షీ బేగం 1667లో మరణించింది. గోల్కొండ కోటకు సమీపంలోని కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో ఆమెను ఖననం చేశారు. చతురస్రాకారపు వేదిక, కమానుల వరండా, పైన పెద్ద గుమ్మటంతో ఈ సమాధి సుల్తానుల సమాధులకు తీసిపోని పరిమాణంలో ఉన్నది. ప్రక్కనే 1666లో కట్టిన పెద్ద మసీదు ఉన్నది. ఈ ప్రాంగణాన్ని, గోల్కొండ కోటను, చార్మినారును 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేర్చారు. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ ఇక్కడ చేపట్టిన పునరుద్ధరణ పనులు 2024లో ముగిశాయి.

చరిత్రలో స్థానం

హయాత్ బక్షీ బేగం పేరున నాణేలు ముద్రించబడలేదు. ఖుత్బాలో ఆమె పేరు చదువబడలేదు. రాజ్యాధికారానికి ఆ కాలంలో ఈ రెండే గుర్తులు. కనుక సుల్తానుల జాబితాలో ఆమెకు చోటు లేదు. అయితే 1607లో వివాహం ద్వారా వారసత్వాన్ని వంశంలోనే నిలిపినది, 1626లో బాలరాజును రక్షించినది, 1656లో కోట వెలుపలికి వచ్చి సంధి కుదిర్చినది ఆమెయే. ఎనిమిదిమంది సుల్తానులు ఏలిన కుతుబ్ షాహీ వంశంలో వరుసగా మూడు తరాల పాలనతో ఇంత సన్నిహిత సంబంధం కలిగిన వ్యక్తి మరొకరు లేరు.